రొట్టెకు బదులు ఏది?

ధ్యాన భాగములు: లేవీయకాండము 5:7–11, 1 కొరింథీయులకు 10:16–17



మన సీమ వరిసీమ. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట వలన గోదావరి నీళ్లు కాలువలలోనికి మళ్లినవి. గౌతమికిని వసిష్ఠకును నడుమనున్న ఈ నేల కరవు తీరి అన్నము పెట్టు నేల అయినది. ఆత్రేయపురము మొదలుకొని సముద్రము ఒడ్డు వరకు నడచి వెళ్లినను వరిచేలు, కొబ్బరితోటలు, అరటితోటలు కనబడును గాని గోధుమచేను కనబడదు. అయినను ప్రభువు బల్ల ఆచరించు ఆదివారము వచ్చినప్పుడు మనము సిద్ధపరచవలసినది అన్నము కాదు, రొట్టె.

పెద్ద పట్టణములలో ఈ చిక్కు లేదు. రొట్టె మాత్రమే కాదు, రొట్టె చేయుటకు పిసికి పులియబెట్టిన పిండిముద్ద కూడ చల్లని పెట్టెలలో పొట్లములుగా అమ్మబడుచున్నది. ఇంటికి తెచ్చి కాల్చుకొనుటయే మిగిలిన పని. పల్లెటూరి గృహిణికి ఆ పిండిముద్దయు లేదు, దానిని కాల్చు పొయ్యియు లేదు. ఆమె ఉన్నదానితో సరిపెట్టుకొనవలెను. ఒకదానికి బదులు మరియొకటి వాడవలెను. అప్పుడు సంఘములో ప్రశ్నలు లేచును. ఈస్టుకు బదులు పెరుగు వేయవచ్చునా? పులియని రొట్టెయే తగినదా? గోధుమపిండికి బదులు బియ్యపుపిండి చెల్లునా? మన ఊరి పూతరేకు పనికిరాదా?

ఇవి వంటింటి ప్రశ్నలని కొందరు తీసివేయుదురు. అట్లు తీసివేయరాదు. దేవునికి సంబంధించిన కార్యములో దేనిని మార్చవచ్చును, దేనిని మార్చకూడదు అనునది మనస్సాక్షికి సంబంధించిన ప్రశ్న. దీనిని నెమ్మదిగా ఆలోచింతము.

వంటింటి మాట

మొదట పిండి సంగతి తెలిసికొందము. గోధుమపిండిని నీళ్లతో పిసికినప్పుడు దానిలో గ్లూటెను అను జిగురు పుట్టును. పులియుట వలన పుట్టిన గాలిని ఈ జిగురు సంచివలె పట్టి ఉంచును గనుక పిండి పొంగును. బియ్యములో ఈ జిగురు లేదు. ఎంత పిసికినను బియ్యపుపిండి గోధుమ రొట్టెవలె పొంగదు. అయితే మన పెద్దలు ఇందుకు ఒక ఉపాయము కనుగొనిరి. మినపపప్పు రుబ్బి బియ్యపురవ్వ కలిపినప్పుడు ఆ మినుముల జిగురే గాలిని పట్టుకొనును. దానిని మందపాటి మూకుడులో పోసి, మూత మీద నిప్పులు వేసి, పైనను క్రిందను వేడి తగులునట్లు కాల్చినప్పుడు దిబ్బరొట్టె అగును. గోదావరి సీమలో రొట్టె అనగానే ముసలివారికి మొదట జ్ఞాపకమునకు వచ్చునది ఈ మినపరొట్టెయే.

ఇక గోధుమ రొట్టెకు కావలసిన బదులు వస్తువులు చూతము. ఎండు ఈస్టు దొరికినచో అరకిలో గోధుమపిండికి సుమారు 7 గ్రాముల ఈస్టు, ఒక చెంచాడు ఉప్పు, 300 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లు చాలును. పది నిమిషములు పిసికి మూతపెట్టినచో మన ఎండలకు గంటలో రెండింతలగును. ఈస్టు లేనిచో పుల్లని పెరుగుతో పిండి కలిపి, చిటికెడు వంటసోడా వేసి, వెంటనే కాల్చవలెను. పెరుగు పులుపును సోడాయు కలిసినప్పుడు గాలి పుట్టును. ఇదియు లేనిచో పులియని రొట్టె. పావుకిలో గోధుమపిండి, ఒక చెంచాడు నూనె, తగినన్ని నీళ్లు కలిపి, అరగంట నాననిచ్చి, చపాతీకంటె మందముగా ఒత్తి, సన్నని మంట మీద పెనముపై కాల్చిన చాలును. దానికి పొయ్యి అక్కరలేదు, పులియబెట్టుట అక్కరలేదు.

ఇట్టి బదులు వస్తువు పుట్టిన విధమొకటి చెప్పెదను. ఇంగ్లండు దేశములో బర్మింగుహాము నగరమందు ఆల్ఫ్రెడ్ బర్డ్ అను మందుల వ్యాపారి ఉండెను. అతని భార్య శరీరమునకు ఈస్టు పడదు. ఈస్టుతో చేసిన రొట్టె ఆమె తినలేకపోయెను. అతడు ఆమె నిమిత్తము 1843లో ఈస్టు లేకయే రొట్టెను పొంగించు పొడి తయారుచేసెను. నేడు అంగళ్లలో బేకింగ్ పౌడరు అని అమ్మబడుచున్నది అట్టి పొడియే. ఇంటిలోని ఒక మనిషి రొట్టె లేకుండ ఉండకూడదని చేసిన ప్రయత్నమది. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడి. దీని అవసరము మరల వచ్చును.

కల్లు సంగతి కూడ చెప్పవలెను. గోవా ప్రాంతమున రొట్టెలు చేయువారు బహుకాలము కల్లుతోనే పిండి పులియబెట్టిరి. మన తాటితోపులలో అది సులభముగా దొరకును. కాల్చునప్పుడు మత్తు చాలవరకు ఆవిరియై పోవును గనుక దోషమేమి అని కొందరు అడుగుదురు. వంటవరకు ఆ మాట నిజమే. కాని కల్లుకుండను విడిచి కన్నీటితో ప్రభువునొద్దకు వచ్చిన సహోదరుడు మన మధ్య కూర్చుండియున్నాడు. అతని ఇంటిలో ఆ వాసన ఎన్ని రాత్రులు ఏడ్పు పుట్టించెనో అతని భార్యకు తెలియును. అపొస్తలుడైన పౌలు తన భోజనము వలన సహోదరునికి అభ్యంతరము కలుగునెడల ఆ భోజనమునే మానుకొందుననెను (1 కొరింథీ 8:13). పెరుగు దొరకు ఊరిలో కల్లు యేల? పిండికి ఏది మంచిదని మాత్రమే కాదు, ప్రక్కవానికి ఏది మంచిదని కూడ చూడవలెను.

గ్రంథపు మాట

బదులు వస్తువు అనగానే భయపడవలసిన పనిలేదు. ధర్మశాస్త్రమే దానికి చోటిచ్చెను. లేవీయకాండము 5వ అధ్యాయములో పాపపరిహారార్థబలికి మందలోని ఆడుపిల్లను తేవలెనని యున్నది. దానిని తేలేనివాడు రెండు తెల్ల గువ్వలను గాని రెండు పావురపు పిల్లలను గాని తేవచ్చును. అదియు చేతకానివాడు తూములో పదియవ వంతు గోధుమపిండి, అనగా సుమారు రెండు లీటర్ల పిండి తేవచ్చును. రక్తము లేని పిండి! బీదవాడు తెచ్చిన ఆ పిండిని యాజకుడు త్రోసివేయలేదు. అతనికి కలిగిన క్షమాపణ గొఱ్ఱెపిల్ల తెచ్చినవాని క్షమాపణకంటె తక్కువది కాదు. మన ప్రభువు శిశువుగా దేవాలయమునకు తేబడినప్పుడు మరియ యోసేపులు అర్పించినది పక్షుల జతయే (లూకా 2:24). గొఱ్ఱెపిల్లను కొనలేని తల్లికి ధర్మశాస్త్రము అనుమతించిన బదులు అర్పణమది (లేవీయ 12:8). రక్షకుడు బీదల బదులు అర్పణతోనే మందిరమున అడుగుపెట్టెను.

అయితే ప్రతి బదులును దేవుని సంతోషపెట్టలేదు. రాజుల మొదటి గ్రంథములో రెండు బదులులున్నవి. యెరూషలేమునకు వెళ్లుట ప్రజలకు కష్టమని చెప్పి యరొబాము బేతేలులోను దానులోను బంగారు దూడలను నిలిపెను. పండుగ నెలను కూడ తన ఇష్టప్రకారము మార్చెను (12వ అధ్యాయము). ప్రజల కష్టము మీద జాలి చూపినట్లు పలికెను గాని, లోపల తన సింహాసనమునుగూర్చిన భయముండెను. సులువు పేరున దేవునినే మార్చివేసెను. మరియొకడు రెహబాము. ఐగుప్తు రాజైన షీషకు సొలొమోను చేయించిన బంగారు డాళ్లను దోచుకొనిపోగా, రెహబాము వాటికి బదులు ఇత్తడి డాళ్లు చేయించి, మందిరమునకు పోవునప్పుడెల్ల వాటిని మోయించెను (14వ అధ్యాయము). పోయినదానినిబట్టి దుఃఖించి దేవునివైపు తిరుగుటకు మారుగా, ఏమియు పోనట్లు ఊరేగెను.

కాబట్టి మూడు విధములైన బదులులు మన యెదుట నున్నవి. బీదవానిని లోపలికి తెచ్చు బదులు ఒకటి. మన సులువు కొరకును అధికారము కొరకును చేయు బదులు రెండవది. లేమిని దాచి ఆడంబరము చూపు బదులు మూడవది. మొదటిదానిని దేవుడే నియమించెను. కడపటి రెండును రాజులు కల్పించిరి.

చరిత్ర మాట

రొట్టెనుగూర్చి సంఘములు పోట్లాడుకొనుట నేటిది కాదు. తూర్పు సంఘములు పులిసిన రొట్టెను, పశ్చిమ సంఘము పులియని రొట్టెను వాడెను. 1054లో ఆ రెండును వేరైపోయినప్పుడు వారి కలహములలో ఇదియు ఒకటి. 1538లో జెనీవా పట్టణములో కాల్విను, ఫారెలు అను బోధకులు వెళ్లగొట్టబడినప్పుడు బల్లకు వాడు రొట్టె సంగతియు ఆ వివాదములో నుండెను. అదే కాల్విను తన గొప్ప గ్రంథములో పులిసినదైనను పులియనిదైనను భేదము లేదని వ్రాసెను. చింతించి చూడుడి, భేదము లేని సంగతియే బోధకుని ఊరినుండి వెళ్లగొట్టుటకు ఒక హేతువాయెను! 1662 నాటి ఆంగ్లికను ప్రార్థన పుస్తకము ప్రజలు వాడుకగా తిను రొట్టె చాలుననియు, దొరికినంతలో మేలైన గోధుమ రొట్టె కావలెననియు చెప్పెను. రోమా కథోలికులు గోధుమనే విధించుదురు. గ్లూటెను బొత్తిగా లేనిది చెల్లదనియు, తక్కువగా నున్నది చెల్లుననియు 2017లో మరల తెలియజేసిరి.

మన పాత్రలోని రసము మాటేమి? 1869లో అమెరికాలో థామస్ వెల్చ్ అను దంతవైద్యుడు ద్రాక్షరసమును పులియకుండ వేడిచేసి నిలువ ఉంచు విధము కనుగొని, తన సంఘపు బల్లకు దానిని వాడుటకు పూనుకొనెను. నేడు మన సంఘములలో అనేకులు పులియని రసమునో, ఎండుద్రాక్ష ఉడికించి పిండిన రసమునో వాడుచున్నారు. పాత్ర విషయములో బదులును మనస్ఫూర్తిగా అంగీకరించినవారము రొట్టె విషయములో ఒకరినొకరు తీర్పు తీర్చుట తగునా?

మన తెలుగు పరిశుద్ధ గ్రంథము కూడ ఇందులో మనకు ఒక పాఠము నేర్పుచున్నది. గ్రీకు భాషలో రొట్టెకు ఒక మాటయే కలదు. ప్రభువు నేర్పిన ప్రార్థనలోను, యోహాను 6వ అధ్యాయములో ప్రభువు తన్నుగూర్చి చెప్పినప్పుడును, కడపటి రాత్రి బల్లయొద్దను అదే మాట వాడబడెను. కాని మన భాషాంతరకర్తలు ప్రార్థనలో అనుదినాహారము అనిరి. ప్రభువు తన్నుగూర్చి చెప్పినచోట జీవాహారము అనిరి. బల్లయొద్ద మాత్రము రొట్టె అనియే ఉంచిరి. అన్నము తిను ప్రజలు దినదినము రొట్టె కొరకు ప్రార్థించినచో అది పరుల ఆకలి అగును గాని మన ఆకలి కాదు. అందుచేత మాట మార్చి అర్థము నిలిపిరి. బల్లయొద్ద విరువబడిన వస్తువు ఒకటి కలదు గనుక అక్కడ మాటను నిలిపిరి. ఎక్కడ మార్చవలెనో ఎక్కడ నిలుపవలెనో ఎరిగిన జ్ఞానమది. మనకు కావలసినదియు అదే.

మన ఊరి మాట

ఇప్పుడు పూతరేకు సంగతికి వత్తము. నానబెట్టిన బియ్యమును రుబ్బి పలుచని జారుగా చేసి, బోర్లించిన కుండ క్రింద ఎండుటాకుల మంట పెట్టి, పలుచని గుడ్డను ఆ జారులో ముంచి కుండ మీదుగా లాగినప్పుడు క్షణములో రేకు లేచును. 2023లో ఆత్రేయపురము పూతరేకులకు భౌగోళిక గుర్తింపు దొరకెను. పంచదార, నెయ్యి లేని ఆ వట్టి రేకు కొన్ని సంఘములు వాడు పలుచని తెల్లని అప్పమును పోలియుండును. మన ఊరి ధాన్యము, మన ఊరి స్త్రీల చేతిపని. దీనినే బల్ల మీద పెట్టరాదా అని యౌవనులు అడుగుట సహజము.

దీనికి నా ఉత్తరము ఇది. గోధుమపిండి నేడు మారుమూల పల్లెలో కూడ చవుకగా దొరకుచున్నది. దొరకుచున్నప్పుడు, ప్రభువు చేతులలో నున్న రొట్టెకు దగ్గరగా నుండునట్టి సాధారణమైన గోధుమ రొట్టెను ఇంటిలో చేసి తెచ్చుట మేలు. కొత్తదనము కొరకును, మన ఊరి పేరు చూపుకొనుటకును పూతరేకును బల్ల మీదికి తెచ్చినచో అది రెహబాము డాలు వంటిదగును. మరియు రేకు ముట్టగానే పొడిపొడియగును. ఒక్క రొట్టెగా ఎత్తి అందరికి విరుచుటకు అది అనుకూలము కాదు.

అయితే గోధుమ శరీరమునకు పడని జబ్బుగలవారు కొందరున్నారు. వారికి గోధుమ రొట్టె ముక్కయైనను హాని చేయును. అట్టి బిడ్డ మన సంఘములో నున్నచో అతని నిమిత్తము బియ్యపు రొట్టెను వేరు పళ్లెములో, గోధుమ తగలకుండ సిద్ధపరచవలెను. వరద వచ్చి దారులు తెగినప్పుడు లంకలోని సంఘమునకు గోధుమపిండి లేకపోయినచో, వారికున్న మినపరొట్టెను ప్రార్థనతో విరిచి తినినచో ప్రభువు వారి బల్లను విడిచిపోవునని నేను నమ్మజాలను. ముట్టడి దినములలో యెహెజ్కేలు గోధుమలు, యవలు, కాయధాన్యములు, చిరుధాన్యములు కలిపి రొట్టె చేసికొనెను (యెహెజ్కేలు 4:9). ఆల్ఫ్రెడ్ బర్డ్ తన భార్య నిమిత్తము చేసిన పొడిని జ్ఞాపకము చేసికొనుడి. ఒక ప్రాణిని బల్లయొద్దకు తెచ్చు బదులు లేవీయకాండపు పిండి వంటిది. అయినను ఇట్టివాటిని ఎవరికి వారు నిర్ణయింపక, తమ సంఘ క్రమమునుబట్టి పెద్దలతో కలిసి ప్రార్థించి నిర్ణయించుకొనవలెను.

బదులు లేనిది

ఇంతకంటె లోతైన సంగతి ఒకటి మిగిలియున్నది. ఒక సంఘమును ఊహించుకొందము. అందులో పూతరేకులు తీయు పనికిపోయి బ్రతుకు ఒక విధవరాలు ఉన్నదనుకొనుడి. దినమంతయు మంట యెదుట కూర్చుండి, పొగకు కన్నులు ఎఱ్ఱబారి, చేతులు కాయలు కాచిన స్త్రీ. వచ్చు ఆదివారము బల్లకు రొట్టె నేను చేసి తెత్తునని ఆమె అడిగెను. పెద్దలు ఒకరి ముఖము ఒకరు చూచుకొనిరి. నీకు శ్రమ యేల అమ్మా, పట్నమునుండి కొట్టు రొట్టె తెప్పింతము, అది శుభ్రముగా నుండును అనిరి. ఆమె మారు మాటాడక ఇంటికి పోయెను.

ఆ ఉత్తరములో ఏమున్నదో విచారింతము. కొట్టు రొట్టెను పిసికిన చేతులు ఎవరివో మనకు తెలియదు. అందుచేత అభ్యంతరము లేదు. విధవరాలి చేతులు మనకు తెలియును. అందుచేత అభ్యంతరము కలిగెను! ఆమె ఏ పేటలో కాపురమున్నదో, ఆమె తాతలు ఏమి పని చేసిరో, ఆమె ఇంట నీళ్లు త్రాగవచ్చునో లేదో అను పాత ప్రశ్నలు శుభ్రము అను మంచి మాట వెనుక దాగియున్నవి. సిద్ధవస్తువులో ఉన్న గొప్ప సులువు ఇదియే సుమీ: అది మనలను పిండి పిసుకు పనినుండి తప్పించును, దానితోపాటు పొరుగువాని చేతినుండియు తప్పించును. అంతేకాదు, ముందుగానే ముక్కలుగా కోసిన తియ్యని రొట్టె వచ్చినచో విరుచుటకు ఏమియు మిగులదు.

పౌలు ఏమి వ్రాసెను? రొట్టె ఒక్కటియే గనుక, అనేకులమైన మనము ఒక్క శరీరమైయున్నామను భావము వ్రాసెను. ఆ కొరింథీ సంఘములో రొట్టెకు కొరతలేదు; ఆ రొట్టె ఏ పిండితో చేయబడెనని పౌలు విచారించలేదు. లేనివారు ఆకలితో కూర్చుండగా కలిగినవారు ముందుగా తినుచుండిరి. అందుచేత మీరు తినునది ప్రభువు రాత్రి భోజనము కాదని ఖండితముగా చెప్పెను (1 కొరింథీ 11:20–22). మంచి రొట్టె ఉండియు బల్ల చెడిపోవచ్చునన్నమాట. ఆలోచించుడి: పిండికి బదులున్నది. పులిసిన పిండికి బదులున్నది. పొయ్యికి బదులున్నది. సహోదరికి మాత్రము బదులు లేదు. ఆమెను బయట పెట్టి ఎంత మేలైన గోధుమ రొట్టె తెచ్చినను అది రాజుల బదులే అగును.

కావున ఏ వస్తువునకైనను బదులు వెదకునప్పుడు మూడు ప్రశ్నలు వేసికొందము. ఇది కొరతవలన వచ్చినదా, మన సులువువలన వచ్చినదా? ఉన్న లేమిని దేవుని యెదుట ఒప్పుకొనుచున్నదా, దాచుచున్నదా? ఎవరిని బల్లయొద్దకు తెచ్చుచున్నది, ఎవరిని దూరము చేయుచున్నది? ఈ ప్రశ్నలు రొట్టెకు మాత్రమే కాదు. ముసలి తల్లిని చూడబోవుటకు బదులు డబ్బు పంపునప్పుడును, రోగిని దర్శించుటకు బదులు ఫోనులో రెండు మాటలు పలుకునప్పుడును, సమాధానపడుటకు బదులు కానుక పెట్టెలో నోటు వేయునప్పుడును ఇవే ప్రశ్నలు మనలను అడుగవలెను. దూరదేశములో కూలిచేయు కుమారుడు పంపు డబ్బు బీదవాని పిండి వంటిది. అదే వీధిలో కాపురమున్న కుమారుడు పంపు డబ్బు అట్టిది కాదు.

ప్రతి సంఘములో రొట్టె చేయు వంతును ఇంటింటికి పెట్టుకొనుట మంచి అలవాటు. పెద్దింటివారు ఒక నెల, కూలివారు ఒక నెల. చేరిన క్రొత్త కుటుంబము ఒక నెల, ముసలి విధవరాలు ఒక నెల. పిండి కొనలేనివారికి సంఘపు నిధినుండి పిండి ఇయ్యవచ్చును. చేతకాని యౌవనస్త్రీలకు చేతనైన తల్లులు నేర్పవచ్చును. రొట్టె ఒక నెల మెత్తగాను, ఒక నెల గట్టిగాను, మరియొక నెల అంచున కొంచెము మాడియు ఉండును. ఉండనిండు. ఆ రొట్టె ఎవరి చేతినుండి వచ్చెనో ఎరిగి, ఎరిగియే సంతోషముతో చేయి చాపి తీసికొందము.

పరలోకమునుండి దిగివచ్చిన నిజమైన ఆహారమైన ప్రభువు మన బల్లలను, మన వంటిండ్లను, పిండి పిసుకు చేతులను ఆశీర్వదించును గాక. ఆమేన్.